సుభాష్ చంద్ర బోస్: ఉద్యోగ దరఖాస్తు నుంచి అండమాన్ జెండా దాకా

ఎవరూ లేని దీవిలో ఒంటరిగా ఉండాల్సి వస్తే వెంట ఏ మూడు వస్తువులు తీసుకెళ్తారు? జంతువుగా పుట్టి ఉంటే ఏ జంతువు అయ్యేవారు? పైఅధికారి చెప్పింది తప్పని తెలిస్తే ఏం చేస్తారు?

ఉద్యోగాలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేవాళ్లకు ఇలాంటి ప్రశ్నలు ఇప్పుడు మామూలే. చదువు, మార్కులు, అనుభవం అన్నీ నింపాక చివర్లో ఇవి ఎదురవుతాయి. ఏం రాస్తే ఉద్యోగం వస్తుందో, ఏం రాస్తే పోతుందో తెలియక అభ్యర్థులు తల పట్టుకుంటారు. సివిల్స్ ఇంటర్వ్యూకు యూపీఎస్సీ పెట్టుకున్న అధికారిక పేరు కూడా వ్యక్తిత్వ పరీక్షే. దానికి 275 మార్కులు.

ఈ అలవాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో థామస్ ఎడిసన్ తన దగ్గర పనికి వచ్చే పట్టభద్రులకు దాదాపు 150 ప్రశ్నల చిట్టా ఇచ్చేవారు. 1921లో అది పత్రికలకు ఎక్కి పెద్ద దుమారం రేగింది. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్ 22న, కేంబ్రిడ్జిలో చదువుతున్న 24 ఏళ్ల భారతీయ యువకుడు ఒకరు, అప్పట్లో భారతీయుడికి దొరకగల అతి పెద్ద ఉద్యోగాన్ని వద్దని లండన్‌కు ఉత్తరం రాశారు. ఆ యువకుడు సుభాష్ చంద్ర బోస్. మరో 22 ఏళ్లకు ఆయన అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, ఆజాద్ హింద్ ప్రభుత్వాధినేత హోదాలో మూడు రంగుల జెండా ఎగరేశారు.

ఆ ఉత్తరానికీ ఈ జెండాకూ మధ్య ఆయన్ని చాలామంది రకరకాలుగా ప్రశ్నించారు. కాలేజీ విచారణ కమిటీ అడిగింది. ఇండియా ఆఫీసు అడిగింది. సొంత పార్టీ అడిగింది. మాటలు వేరైనా అన్నిటి వెనకా ఉన్నది ఒకటే: మాతో సర్దుకుపోతావా? దానికి బోస్ ఇచ్చిన జవాబుల వరుసే ఆయన జీవితం. ఆ వరుసలో అన్నిటికంటే చిక్కైన ఘట్టం అండమాన్‌లో ఉంది.

కమిటీ ముందు నిలబడ్డ విద్యార్థి

సుభాష్ 1897 జనవరి 23న కటక్‌లో పుట్టారు. తండ్రి జానకీనాథ్ బోస్ పేరున్న వకీలు. తల్లి ప్రభావతీ దేవి. 14 మంది పిల్లల్లో ఆయన తొమ్మిదో సంతానం. మొదట ఇంగ్లిష్ పద్ధతిలో నడిచే మిషనరీ బడిలో, తర్వాత రావెన్‌షా కాలేజియేట్ స్కూల్లో చదివారు. 1913 మెట్రిక్ పరీక్షలో కలకత్తా విశ్వవిద్యాలయం మొత్తానికి రెండో స్థానం వచ్చింది. అక్కడి నుంచి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు.

1916లో అక్కడ చరిత్ర బోధించే ఎడ్వర్డ్ ఫార్లీ ఓటెన్ విద్యార్థుల పట్ల దురుసుగా ప్రవర్తించారని గొడవ మొదలైంది. సమ్మె జరిగింది, రాజీ కుదిరింది. ఫిబ్రవరిలో మళ్లీ అలాంటి సంఘటనే జరగడంతో కొందరు విద్యార్థులు ఓటెన్‌ను కాలేజీలోనే కొట్టారు. దీనికి నాయకుల్లో ఒకరని సుభాష్‌ను కాలేజీ నుంచి పంపేశారు.

విచారణకు ప్రభుత్వం వేసిన కమిటీకి సర్ ఆశుతోష్ ముఖర్జీ అధ్యక్షులు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి, విశ్వవిద్యాలయానికి అంతకుముందు ఉపకులపతి. విద్యార్థుల తరఫున హాజరైన సుభాష్‌ను కమిటీ నేరుగా అడిగింది, ఆ దాడి సమర్థనీయమేనా అని. సమర్థనీయం కాదని ఒక్క మాట అని ఊరుకుంటే చదువు నిలబడే అవకాశం ఉండేది. సుభాష్ ఆ మాట అన్నారు కానీ అక్కడితో ఆగలేదు. విద్యార్థులను అంతగా రెచ్చగొట్టారని కూడా చెప్పి, కాలేజీలో కొన్నేళ్లుగా తెల్ల అధ్యాపకుల తీరు ఎలా ఉందో ఏకరువు పెట్టారు. కమిటీ నివేదిక విద్యార్థులకు అనుకూలంగా రాలేదు. ఆయన కటక్‌కు తిరిగి వెళ్లి ఏడాదికి పైగా చదువు లేకుండా ఉండిపోయారు.

ఆ ఖాళీ కాలంలోనే ఆయన ఇంకో కొలువుకు ప్రయత్నించారు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం ఏర్పాటు చేసిన 49వ బెంగాలీ రెజిమెంట్‌లో చేరబోతే కంటి చూపు బాగాలేదని తిప్పి పంపారు. 1917లో స్కాటిష్ చర్చ్ కాలేజీలో మళ్లీ చదువు మొదలయ్యాక, విశ్వవిద్యాలయ సైనిక దళంలో చేరి ఆ కోరిక కొంత తీర్చుకున్నారు. 1919లో తత్వశాస్త్రంలో ఫస్ట్ క్లాస్ ఆనర్స్, రెండో స్థానం వచ్చాయి.

24 గంటల గడువు

డిగ్రీ పూర్తవగానే తండ్రి ఒక సాయంత్రం కబురు పెట్టి, ఐసీఎస్ పరీక్ష కోసం ఇంగ్లండ్ వెళ్తావా అని అడిగారు. ఆలోచించుకోవడానికి ఇచ్చిన గడువు 24 గంటలు. పరీక్షకు ఉన్న సమయం చాలా తక్కువ. పాసయ్యేది లేదు కనుక ఈ వంకన కేంబ్రిడ్జి డిగ్రీ అయినా వస్తుందని సుభాష్ లెక్క వేసుకున్నారు. ఇంగ్లండ్ చదువులపై సలహా కోసం కలకత్తాలో ఒక ప్రభుత్వ సలహాదారుని కలిస్తే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి వచ్చే మెరికల ముందు నిలవలేవు, డబ్బు దండగ అని చెప్పి పంపారు.

1919 సెప్టెంబర్‌లో ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం హాల్‌లో చేరి, అటు డిగ్రీకీ ఇటు ఐసీఎస్‌కూ ఎనిమిది నెలలు చదివారు. 1920 సెప్టెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. నాలుగో ర్యాంకు. ఇంగ్లిష్ వ్యాస రచనలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆయనవే.

ఇంట్లో పండగ, ఆయన మనసులో సంకటం. పాసైనవాళ్లు శిక్షణ కాలం ముగిశాక భారత వ్యవహారాల మంత్రితో ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. ఆ సంతకం దగ్గరే ఆయన ఆగిపోయారు. ప్రతి ఉద్యోగికీ ఓ దశలో వచ్చే ప్రశ్నే ఇది. లోపలికి వెళ్లి వీలైనంత మంచి చేద్దామా, అసలు లోపలికే వెళ్లకుండా ఉందామా? అన్న శరత్ బోస్‌కు నెలల తరబడి రాసిన ఉత్తరాల్లో ఆయన దీన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. జీతం, హోదా, పింఛను అన్నీ తెలుసు. పెళ్లి సంబంధాల బజారులో ఐసీఎస్ ధర ఎంతో కూడా తెలుసు.

అప్పటికి ఆయన కళ్ల ముందు ఒక ఉదాహరణ ఉంది. 1890లో ఐసీఎస్ రాత పరీక్ష గట్టెక్కి, గుర్రపు స్వారీ పరీక్షకు హాజరుకాక ఉద్యోగం పోగొట్టుకున్న అరవింద ఘోష్. ఆయన దారే తనకు ఎక్కువ స్ఫూర్తినిస్తోందని సుభాష్ అన్నకు రాశారు. ఆ అరవిందుడి తమ్ముడు బారీంద్ర ఘోష్ అలీపూర్ బాంబు కేసులో మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ సెల్యులార్ జైలులో పదేళ్ల పాటు ఉండి 1920లోనే బయటపడ్డారు. బెంగాల్‌లో చదువుకున్న కుటుంబాలకు ఐసీఎస్ ఎంత దగ్గరో అండమాన్ కూడా అంతే దగ్గరగా ఉన్న రోజులవి.

గుర్రాల పెంపకంపై ఒక కాగితం

శిక్షణలో ఉండగా జరిగిన చిన్న ఘటన ఒకటి ఆయన స్వభావాన్ని బాగా పట్టిస్తుంది. అభ్యర్థులకు ఇచ్చిన అచ్చు సూచనల్లో భారతదేశంలో గుర్రాల పోషణ గురించి ఒక భాగం ఉంది. భారతీయ సైసు తన గుర్రం తినే తిండే తింటాడని, అక్కడి వర్తకుల మోసం జగమెరిగినదని అందులో రాసి ఉంది. తోటి భారతీయ అభ్యర్థులకు చూపిస్తే అందరూ మండిపడ్డారు. కలిసి నిరసన తెలుపుదామన్నారు. తీరా ఉత్తరం రాసే వేళకు ఒక్కొక్కరూ జారుకున్నారు.

సుభాష్ ఒక్కరే వెళ్లి సివిల్ సర్వీస్ బోర్డు కార్యదర్శి రాబర్ట్స్‌ను కలిశారు. అధికారిక అభిప్రాయం ఒప్పుకోకపోతే ఉద్యోగం వదిలి వెళ్లాల్సి వస్తుందని రాబర్ట్స్ బెదిరించారు. ఆ మాటకు తొణకకుండా అందుకు సిద్ధపడే వచ్చానన్నట్టు జవాబు రావడంతో ఆయన స్వరం మారింది. కొన్నాళ్లకు, మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ వాక్యాలు సరిచేయిస్తామని కబురు వచ్చింది. పైఅధికారి తప్పని తెలిస్తే ఏం చేస్తారన్న నేటి ప్రశ్నకు ఇంటర్వ్యూల్లో చెప్పే జవాబులు చాలావరకు ఊహలే. ఇక్కడ జరిగింది అసలు సంగతి.

చివరికి 1921 ఏప్రిల్ 22న ఎడ్విన్ మాంటేగుకు రాజీనామా పంపారు. అప్పటిదాకా భత్యంగా అందుకున్న 100 పౌండ్లు తిరిగి కట్టేస్తానని అందులోనే రాశారు. ఒరిస్సాలో కమిషనర్‌గా పనిచేసి జానకీనాథ్‌ను ఎరిగిన సర్ విలియం డ్యూక్ అప్పుడు ఇండియా ఆఫీసులో ఉన్నతాధికారి. తొందరపడవద్దని ఆయన సుభాష్ పెద్దన్న ద్వారా చెప్పించారు. ఫలితం లేకపోయింది.

దరఖాస్తు చేసిన అసలు ఉద్యోగం

ఒక ఉద్యోగం వదిలేముందే సుభాష్ ఇంకో పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. 1921 ఫిబ్రవరి 16న కేంబ్రిడ్జి నుంచి కలకత్తాలోని దేశబంధు చిత్తరంజన్ దాస్‌కు రాసిన ఉత్తరం చదివితే అది అచ్చమైన ఉద్యోగ దరఖాస్తులాగే ఉంటుంది. తాను ఎవరి కొడుకో, ఏం చదివారో, ఐసీఎస్‌లో ఏ దశలో ఉన్నారో వివరించారు. జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పగలను, పత్రికకు రాయగలను అన్నారు. తన దగ్గర పెద్ద విద్వత్తు లేదని, యవ్వనం, ఉత్సాహం ఉన్నాయని ఒప్పుకున్నారు. దేశసేవ అనే ఈ మహాయజ్ఞంలో తనకు ఏ పని అప్పగిస్తారని అడిగారు.

మార్చిలో రాసిన మరో ఉత్తరంలో కొత్తగా చేరబోయేవాడు యజమానికి ఇచ్చే సలహాలూ ఉన్నాయి. కాంగ్రెస్‌కు శాశ్వత కార్యాలయం ఉండాలి, కరెన్సీ మారకం నుంచి సంస్థానాల దాకా ఒక్కో అంశాన్నీ అధ్యయనం చేసే సిబ్బంది ఉండాలి అన్నారు. పాతికేళ్లు కూడా నిండని యువకుడు, అప్పటికి పార్టీలో సభ్యుడైనా కాకుండానే, పార్టీలో ఏది కొరవడిందో లెక్క తేల్చారు.

1921 జులై 16న బొంబాయిలో దిగారు. అదే రోజు మధ్యాహ్నం మణిభవన్‌లో గాంధీజీని కలిశారు. ఇక్కడ పాత్రలు మారాయి. ప్రశ్నలు వేసింది సుభాష్. ఉద్యమం అంచెలంచెలుగా పన్నుల నిరాకరణ దాకా ఎలా వెళ్తుంది? దానికే బ్రిటిష్ వాళ్లు దేశం వదిలి ఎలా పోతారు? ఏడాదిలో స్వరాజ్యం అని ఏ ధైర్యంతో అంటున్నారు? మొదటిదానికి మాత్రమే తృప్తికరమైన జవాబు దొరికిందని ఆయన తర్వాత రాసుకున్నారు. గాంధీజీ ఓపిగ్గా అన్నీ విని, కలకత్తా వెళ్లి దాస్‌ను కలవమని పంపారు. దాస్‌ను కలిశాక తన నాయకుడు దొరికాడనుకున్నారు సుభాష్.

సగం జీతం

1924లో కలకత్తా నగరపాలక సంస్థ స్వరాజ్య పార్టీ చేతికి వచ్చింది. దాస్ మేయరయ్యారు. 27 ఏళ్ల సుభాష్‌ను ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమించారు. ఆ పదవికి నెల జీతం 3,000 రూపాయలు. ఆయన 1,500 మాత్రమే తీసుకున్నారు. వీధి దీపాలు, నీళ్లు, బడులు, డ్రైనేజీల లెక్కలతో కుస్తీ పట్టే పని అది. ఐసీఎస్‌లో చేయాల్సింది కూడా దాదాపు ఇలాంటి పనే. తేడా ఏమిటంటే ఇక్కడ జవాబు చెప్పుకోవాల్సింది నగర ప్రజలకు.

ఆ ఉద్యోగం ఆర్నెల్లు దాటి కొద్ది రోజులే సాగింది. అక్టోబర్ 25న విచారణ లేకుండా అరెస్ట్ చేశారు. కొన్నాళ్లు అలీపూర్ జైలు నుంచే నగరపాలక ఫైళ్లు చూశారు. తర్వాత బర్మాలోని మాండలే జైలుకు పంపారు. 1927 మే నెలలో ఆరోగ్యం దెబ్బతిన్నాకే వదిలిపెట్టారు.

పట్టాభిపై గెలిచినా నిలవని పదవి

1938లో హరిపుర కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పాటు చేసి నెహ్రూను దానికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది మళ్లీ పోటీ చేస్తానన్నప్పుడు గొడవ మొదలైంది. గాంధీజీ మద్దతుతో పోటీకి నిలిచింది తెలుగువారైన భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1939 జనవరి 29న జరిగిన ఓటింగ్‌లో రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో సుభాష్ గెలిచారు. పట్టాభి ఓటమిని గాంధీజీ తన ఓటమిగా ప్రకటించుకున్నారు.

త్రిపురి సమావేశంలో పెట్టిన తీర్మానం సారాంశం ఒక్కటే: గాంధీజీ కోరిక మేరకే కార్యవర్గాన్ని ఎంచుకోవాలి. ఓట్లు గెలిచిన మనిషిని సర్దుకుపోతావా అని సొంత ఇల్లే అడిగింది. ఏప్రిల్ 29న ఆయన రాజీనామా చేశారు. రెండు దశాబ్దాలు తిరక్కముందే ఇది రెండో పెద్ద రాజీనామా. ఈసారి కారణం పరాయి ప్రభుత్వం కాదు. కలిసి పనిచేయడం చేతకాని మనిషి అన్న విమర్శ ఆయన మీద గట్టిగా పడింది ఇక్కడే. అందులో ఎంతో కొంత నిజముందని ఆయన అభిమానుల్లోనూ కొందరు ఒప్పుకుంటారు.

బీమా ఉద్యోగి వేషం

1940 చివర్లో జైల్లో నిరాహార దీక్ష చేయడంతో ప్రభుత్వం ఆయన్ని ఇంట్లో నిఘాలో ఉంచింది. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక ఎల్గిన్ రోడ్డులోని ఆ ఇంటి నుంచి మహమ్మద్ జియావుద్దీన్ అనే పేరుతో మాయమయ్యారు. వేషానికి తగ్గట్టు చేతిలో విజిటింగ్ కార్డు. వృత్తి: బీమా కంపెనీలో ఊరూరూ తిరిగే ఇన్‌స్పెక్టర్. ఉద్యోగం వదులుకుని పేరు తెచ్చుకున్న మనిషి దొంగ ఉద్యోగం పేరుతో సరిహద్దు దాటారు. పెషావర్ మీదుగా కాబూల్, అక్కడి నుంచి ఇటలీ పేరున్న పాస్‌పోర్టుతో మాస్కో, ఏప్రిల్ మొదట్లో బెర్లిన్.

హిట్లర్ జర్మనీ భారతదేశానికి ఇచ్చిన హామీ ఏమీ లేదని రెండేళ్లలో తేలిపోయింది. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో ఆసియాకు బయల్దేరారు. వెంట ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాదీ అబిద్ హసన్. జై హింద్ అన్న పలకరింపును ఆయనే సూచించారని అంటారు. మడగాస్కర్ సమీపంలో జపాన్ జలాంతర్గామిలోకి మారారు. జులైలో సింగపూర్‌లో భారత స్వాతంత్ర్య లీగ్ పగ్గాలు, ఆ తర్వాత ఆజాద్ హింద్ ఫౌజ్ నాయకత్వం చేపట్టారు. అక్టోబర్ 21న తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించారు.

ప్రభుత్వం ఉంది, సైన్యం ఉంది, మంత్రులు ఉన్నారు. ఏలడానికి నేల లేదు. ఆ లోటు తీర్చేదిగా కనిపించింది అండమాన్.

పోర్ట్ బ్లెయిర్, 1943 డిసెంబర్

1942 మార్చి 23న జపాన్ సేనలు అండమాన్‌ను ఆక్రమించాయి. బ్రిటిష్ వాళ్లు అంతకుముందే చాలావరకు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఖైదీలను విడిచిపెట్టారు. మొదట్లో స్థానికులు కొంత ఊరట పడ్డారు. ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు. బంగాళాఖాతంలో జపాన్ ఓడలు మునుగుతుంటే, ద్వీపాల నుంచి ఎవరో బ్రిటిష్ వాళ్లకు సమాచారం ఇస్తున్నారని సైన్యానికి అనుమానం పట్టుకుంది. చదువుకున్నవాళ్లు, ఇంగ్లిష్ తెలిసినవాళ్లు, పాత ప్రభుత్వంలో ఉద్యోగాలు చేసినవాళ్లు ఒక్కొక్కరుగా గూఢచారులయ్యారు. సెల్యులార్ జైలు మళ్లీ నిండింది.

1943 నవంబర్ 6న టోక్యోలో జరిగిన ఆసియా దేశాల సమావేశంలో జపాన్ ప్రధాని టోజో, అండమాన్ నికోబార్ ద్వీపాలను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని ప్రకటించారు. ఫ్రెంచ్ విప్లవంలో జనం మొదట బాస్టిల్ కోటను బద్దలుకొట్టినట్టు, భారతీయ విప్లవకారులను బంధించిన అండమాన్ ముందుగా విముక్తం కావడం ఎంతో అర్థవంతమని సుభాష్ భావించారు.

డిసెంబర్ 29న ఆయన విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నారు. వెంట ఆనంద్ మోహన్ సహాయ్, కెప్టెన్ రావత్, వ్యక్తిగత వైద్యుడు డాక్టర్ డి.ఎస్. రాజు ఉన్నారు. ఈ రాజు గోదావరి జిల్లాల తెలుగువారు. స్వాతంత్ర్యం తర్వాత రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో ఉప మంత్రిగా పనిచేశారు. సుభాష్‌కు బస ఏర్పాటు చేసింది రాస్ ద్వీపంలో, ఒకప్పుడు బ్రిటిష్ చీఫ్ కమిషనర్ ఉన్న భవనంలో.

మరుసటి రోజు, 1943 డిసెంబర్ 30న, జింఖానా మైదానంలో జనం మధ్య మూడు రంగుల జెండా ఎగరేశారు. అండమాన్‌కు షహీద్, నికోబార్‌కు స్వరాజ్ అని పేర్లు పెట్టారు. సెల్యులార్ జైలుకు వెళ్లి విప్లవకారులు మగ్గిన గదులు చూశారు. ఏడు రెక్కలతో, 690కి పైగా ఒంటరి గదులతో కట్టిన జైలు అది. చూపించిన రెక్కలు ఖాళీగా ఉన్నాయి.

చూపించని గదులు

అదే సమయంలో అదే జైల్లో డాక్టర్ దీవాన్ సింగ్ ఉన్నారు. ఆయన వైద్యుడు, పంజాబీ కవి. పైగా పోర్ట్ బ్లెయిర్‌లో సుభాష్ నాయకత్వం వహిస్తున్న భారత స్వాతంత్ర్య లీగ్‌కు ఆయనే అధ్యక్షుడు. జపాన్ సైనికుల తీరుకు ఎదురుచెప్పినందుకు అక్టోబర్‌లో ఆయన్ని పట్టుకెళ్లారు. గూఢచారినని ఒప్పుకోవాలని వారాల తరబడి చిత్రహింసలు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. తన సంస్థ అధినేత ఆ ఆవరణలోకి వచ్చి వెళ్లిపోయిన 15 రోజులకు, 1944 జనవరి 14న, ఆయన ఆ జైల్లోనే చనిపోయారు.

జెండా ఎగిరిన సరిగ్గా నెలకు, జనవరి 30న, పోర్ట్ బ్లెయిర్‌కు దూరంగా హంఫ్రీగంజ్‌లో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. వారిలో చాలామంది స్వాతంత్ర్య లీగ్‌తో సంబంధం ఉన్నవారే. సుభాష్ సభకు ఏర్పాట్లు చూసిన సంస్థ అది.

ఆ మూడు రోజుల పర్యటనలో సుభాష్ ఎవరిని కలవాలో, ఏం చూడాలో జపాన్ అధికారులు ముందే ఖరారు చేశారు. ఆయన చుట్టూ ఎప్పుడూ వారే ఉన్నారు. ద్వీపవాసులకు ఆయనతో ఏకాంతంగా మాట్లాడే వీలు దొరకలేదు. అందుకే అక్కడి దారుణాలు ఆయన దృష్టికి రాలేదని ఆయన జీవితం రాసినవారిలో ఎక్కువమంది అంటారు. అనుమానం రాకుండా ఉంటుందా, వచ్చినా యుద్ధ అవసరాల కోసం మౌనం వహించారా అని అడిగేవారూ ఉన్నారు.

రాబర్ట్స్ గదిలోకి ఒంటరిగా వెళ్లి ఒక సైసు గురించి, ఒక వర్తకుడి గురించి నిలదీసిన మనిషి ఆయన. అప్పుడు ఆయన వదులుకోవాల్సింది తన ఉద్యోగం మాత్రమే. పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చేసరికి ఆయన వెనక వేలమంది సైనికులున్నారు. వాళ్ల తుపాకులు, తిండి, దేశ సరిహద్దు దాకా చేరే దారి అన్నీ జపాన్ చేతిలో ఉన్నాయి. ఎవరితోనూ సర్దుకుపోని మనిషిగా పేరు పడ్డ సుభాష్, జీవితంలో అతి పెద్ద సర్దుబాటు చేసుకున్నది ఈ దశలోనే.

చేతికి రాని అధికారం

ద్వీపాలకు చీఫ్ కమిషనర్‌గా సుభాష్ నియమించిన వ్యక్తి ఎ.డి. లోగనాథన్. సైనిక వైద్యుడిగా పనిచేసి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన అధికారి. 1944 ఫిబ్రవరిలో నలుగురు సహాయకులతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. నియామక పత్రం ఉంది, హోదా ఉంది. కుర్చీలో కూర్చున్నాక తెలిసింది చేతిలో ఏమీ లేదని. యుద్ధం నడుస్తుండగా ద్వీపాల రక్షణ, పోలీసు వదులుకునేది లేదని జపాన్ నౌకాదళం తేల్చిచెప్పింది.

పోలీసు శాఖ ఇవ్వకుండా మిగతావి ఇస్తే ప్రజల మీద జరిగే ప్రతి అన్యాయానికీ తన పేరే వాడుకుంటారని లోగనాథన్ గ్రహించారు. అందుకే ఆయన విద్యాశాఖను మాత్రమే తీసుకున్నారు. బడులు నడపడం తప్ప ఆజాద్ హింద్ ప్రభుత్వం ఆ నేల మీద చేయగలిగింది లేదు. కొన్ని నెలలకు ఆరోగ్యం చెడి ఆయన వెళ్లిపోయారు. యుద్ధం చివర్లో తిండి కరవు ముదిరి, పనికిరానివారని తేల్చిన వందలమందిని పంటలు వేసుకోమని చెప్పి ఓడల్లో తీసుకెళ్లి హేవ్‌లాక్ ద్వీపం దగ్గర సముద్రంలోకి దింపేశారు. వారిలో బతికి బయటపడింది అతి కొద్దిమంది. 1945 అక్టోబర్‌లో బ్రిటిష్ సైన్యం తిరిగి వచ్చింది.

అప్పటికి సుభాష్ లేరు. ఇంఫాల్, కోహిమా దాడులు విఫలమయ్యాయి. జపాన్ లొంగిపోయింది. 1945 ఆగస్ట్ 18న తైపేలో జరిగిన విమాన ప్రమాదంలో కాలిన గాయాలతో ఆయన మరణించారని జపాన్ ప్రకటించింది. షా నవాజ్ కమిటీ, ఖోస్లా కమిషన్ దాన్ని ఒప్పుకున్నాయి. ముఖర్జీ కమిషన్ ఒప్పుకోలేదు. ఆ వివాదం మీద రాసినన్ని పేజీలు, అండమాన్‌లో ఆయన గడిపిన మూడు రోజుల మీద రాలేదు.

ఇప్పుడు ఆ ద్వీపాల్లో

జెండా ఎగరేసి 75 ఏళ్లు నిండిన రోజున, 2018 డిసెంబర్ 30న, రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం అని పేరు పెట్టారు. నీల్ ద్వీపం షహీద్ ద్వీపమైంది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైంది. సుభాష్ మొత్తం ద్వీప సముదాయాలకు పెట్టిన రెండు పేర్లు ఇప్పుడు రెండు చిన్న పర్యాటక దీవులవి. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మారింది. జింఖానా మైదానాన్ని ఇప్పుడు నేతాజీ స్టేడియం అంటారు.

విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే పర్యాటకులు సెల్యులార్ జైలు, రాస్ ద్వీపం, స్వరాజ్ ద్వీపంలోని రాధానగర్ బీచ్ చూసి తిరిగి వెళ్తారు. ద్వీపాల్లో తరాలుగా స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ చరిత్ర బడి పాఠం కంటే దగ్గరిది. పోర్ట్ బ్లెయిర్‌లో డాక్టర్ దీవాన్ సింగ్ పేరుతో గురుద్వారా ఉంది. హంఫ్రీగంజ్‌లో 44 మందికి స్మారకం ఉంది. పర్యాటకుల బస్సులు అక్కడ ఎక్కువగా ఆగవు.

ఉద్యోగ దరఖాస్తులో వింత ప్రశ్న అడిగేవాడు మీరెలాంటి మనిషో ఒక్క జవాబులో తేల్చేయాలని చూస్తాడు. సుభాష్ విషయంలో ఒక్క జవాబుతో అలా తేల్చడం ఎవరివల్లా కాలేదు. ఓటెన్ కమిటీకి చెప్పిన జవాబు, రాబర్ట్స్‌కు చెప్పిన జవాబు, మాంటేగుకు పంపిన ఉత్తరం ఒకరకం మనిషిని చూపిస్తాయి. జైలు ఆవరణలో జపాన్ అధికారుల మధ్య నడిచిన ఆ మధ్యాహ్నం ఇంకో చిత్రం చూపిస్తుంది. ఆయన్ని నిజంగా తెలుసుకోవాలనుకునేవారు నేతాజీ స్టేడియంతో పాటు హంఫ్రీగంజ్‌ కూడా చూసి రావాలి. రెండూ ఒకే ద్వీపంలో ఉన్నాయి. ఒక్క రోజులోనే రెండూ చూడొచ్చు.